స్టార్టర్ మీది తువ్వాల

మిల్లు నడిచినంతసేపూ మా ఇంటి గోడలు సన్నగా వణుకుతుంటాయి. అలమారలోని గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడి చుట్టూ చూస్తారు. మాకు అలవాటే. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద, ఊరు దాటీ దాటకముందే ఒక పాత రైస్ మిల్లు ఉంది. దాని వెనక గల్లీలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. మా ఆయన ఆ మిల్లులో ఆపరేటరు. నేను ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకొని జాకెట్లు కుడతాను. ఆయన మిషన్లకు పెద్ద మోటారు, నా మిషనుకు నా రెండు కాళ్లు. నా కాళ్లకు కరెంటు కోత ఉండదని ఆయన్ను ఎగతాళి చేస్తుంటాను.

నాకు కోపం ఎక్కువ. రేపు పెళ్లనగా ఇవాళ గుడ్డ తెచ్చి ఇచ్చేవాళ్లను అడిగితే చెప్తారు. మా ఆయనకు కోపమే రాదు. ఏం జరిగినా "పోనీతియ్" అంటాడు. పాలు పొంగి పొయ్యి పాలైనా అదే మాట, పంటి నొప్పికి దవడ వాచినా అదే మాట. పెళ్లయిన కాడి నుంచి ఆ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

కొత్త మిల్లుల్లో ఒక్కో మిషనుకు ఒక్కో మోటారు ఉంటుందట. ఇక్కడ అన్నిటికీ కలిపి ఒకటే. దాని స్టార్టర్ డబ్బా గేటు వైపు గోడకు ఉంది. పచ్చ బటన్ నొక్కితే మిల్లంతా తిరుగుతుంది, ఎర్ర బటన్ నొక్కితే మిల్లంతా ఆగుతుంది. వడ్లను కింది నుంచి పైకి మోసే ఎలివేటర్ మాత్రం ఆ చివరన ఉంటుంది. పొడవాటి పట్టాకు వరసగా ఇనప డబ్బాలు బిగించి ఉంటాయి. అడుగున గుంతలో వడ్లు పోస్తే అవి ముంచుకొని పైకి తీసుకుపోతాయి. పచ్చి వడ్లో, గడ్డో, గోనెసంచి పీలికలో అడ్డం పడితే పట్టా బిగుసుకుంటుంది. అప్పుడు మిల్లు ఆపి ఒక మనిషి గుంతలోకి దిగి చేత్తో తీయాలి. గుంతలో ఉన్నవాడికి స్టార్టర్ కనిపించదు. స్టార్టర్ దగ్గర ఉన్నవాడికి గుంత కనిపించదు.

అందుకని మిల్లులో ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, మా ఆయన పనిలో చేరేనాటికే ఉంది. మిషనులో చెయ్యి పెట్టే మనిషి ముందు తన భుజం మీది తువ్వాల తీసి స్టార్టర్ డబ్బాకు తగిలించాలి. పని అయ్యాక వచ్చి తనే తీసుకోవాలి. ఒకరి తువ్వాల ఇంకొకరు ముట్టరు. రెండు తువ్వాలలు వేలాడుతుంటే లోపల ఇద్దరున్నట్టు. అన్నీ దిగాకే పచ్చ బటన్. చదువు రానివాళ్లకూ, తెలుగు రాని బీహారు హమాలీలకూ ఎవరూ విడమరిచి చెప్పే పని లేదు.

మా ఆయనది ఎల్లారెడ్డి సంతలో కొన్న పచ్చ గళ్ల తువ్వాల. మిషన్లు బాగుచేసే ఫిట్టర్ భాయ్‌ది నల్ల చుక్కలున్న తెల్లది. హమాలీలవన్నీ ఎరుపే అయినా ఒకటి అంచు చినిగింది, ఒకటి ఎండకు వెలిసింది, ఒకదానికి నూనె మరక. గేటు దగ్గర నిలబడి చూసి కూడా లోపల ఎవరున్నారో చెప్పగలిగేవాళ్లు.

మిల్లు సేటు మంచివాడే. ఆ మాట నేను కోపంలో కూడా కాదనను. ప్రతి దసరాకు మిషన్లన్నీ తుడిపించి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేసి, బూడిద గుమ్మడికాయ కొట్టించాక పనివాళ్లకు ఏదో ఒకటి పెడతాడు. ఒక ఏడాది మిఠాయి డబ్బాతో పాటు తలా ఒక కొత్త తువ్వాల పెట్టాడు. గంధం రంగు, ఎర్ర అంచు, అంచు మీద మిల్లు పేరు. అన్నీ ఒక్క తానులోవే. మా ఆయన జమ్మి ఆకు నా చేతిలో పెట్టి తువ్వాల చూపిస్తే, నలిపి చూసి, "మంచి నూలు, రంగు పోదు" అని నేను కూడా మెచ్చుకున్నాను. పచ్చ గళ్లది వంటింట్లో మసిగుడ్డ అయింది. పండగ మర్నాటి నుంచి మిల్లులో అందరి భుజాల మీదా గంధం రంగే. పొద్దున గేటు దగ్గర చూస్తే పెళ్లివారు దిగినట్టుండేది. దానిలో ప్రమాదం ఉందని ఒక్కరికీ తోచలేదు.

వానకాలం వడ్లు రావడం మొదలైంది. తాడ్వాయి దిక్కు నుంచి వచ్చిన ట్రాక్టర్లు గల్లీ మొదటి దాకా బారు తీరేవి. అట్లాంటి ఒక రోజు మధ్యాహ్నం మిల్లు ఆగింది. కాసేపటికి గ్లాసులు ఒక్కసారి గల్లుమని, వెంటనే ఊరుకున్నాయి. కరెంటు ఆడుకుంటోంది అనుకొని నా పని నేను చూసుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన పొద్దు ఉండగానే ఇంటికి వచ్చాడు. కుడి భుజం మీద తువ్వాల నిండుగా కప్పుకున్నాడు. దాని కింద చొక్కాకు కుడి చెయ్యి లేదు.

"అంగి చెయ్యేది?" అన్నాను.

"మేకుకు తట్టి చినిగింది. పోనీతియ్."

కుట్టేవాళ్ల ఇంట్లో సొంత బట్టల వంతు ఆఖరున వస్తుంది. ఆ నీలి చారల చొక్కా చెయ్యి భుజం దగ్గర ఊడిపోతే, దసరా జాకెట్ల తొందరలో కచ్చా కుట్టు వేసి ఇచ్చాను. అంటే దారంతో దూరం దూరంగా పోగులు వేసి అప్పటికి అతికించడం. పండగ అయ్యాక విప్పి మిషను మీద పక్కా కుట్టు వేద్దామనుకున్నాను. మేకుకు తట్టితే గుడ్డ చినుగుతుంది. ఇక్కడ గుడ్డ ఎక్కడా చినగలేదు. కచ్చా కుట్టు చుట్టూతా ఒకే లాగుకు ఊడి వచ్చింది. తెగిన పోగులు భుజం మీద వేలాడుతున్నాయి. మేకు అట్లా లాగదు, బలమున్నదేదో పట్టి గుంజింది.

తువ్వాల పట్టి గుంజాను. మణికట్టు నుంచి మోచేతి పైదాకా చర్మం లేచిపోయి ఉంది. దాని మీద ఆస్పత్రి మందు, దూది.

"మేకు గిట్ల గీకుతదా? నిజం చెప్పు. చెప్పకుంటే ఇప్పుడే మిల్లుకు పోయి అడుగుత."

నేను పోతానని ఆయనకు తెలుసు. పీట మీద కూర్చొని, ఎవరికో జరిగిన సంగతిలాగా చెప్పాడు.

ఎలివేటర్ బిగుసుకుంటే ఆయన మిల్లు ఆపి, తువ్వాల తగిలించి, గుంతలోకి దిగాడు. మిల్లు ఎట్లాగూ ఆగింది కదా అని ఫిట్టర్ భాయ్ పైన జల్లెడ బోల్టులు బిగించడానికి ఎక్కాడు. భాయ్ కూడా ఎప్పుడూ తువ్వాల తగిలించే పోతాడు. ఆ రోజు పైన తవుడు దుమ్ము ఎక్కువగా ఉందని తలకు చుట్టుకొని పోయాడు. పని ముగించి దిగి వచ్చేసరికి స్టార్టర్ మీద ఒక తువ్వాల ఉంది. గంధం రంగు, ఎర్ర అంచు. తనదే అనుకున్నాడు. తీసి భుజాన వేసుకొని పచ్చ బటన్ నొక్కాడు. నొక్కి, చెమట తుడుచుకుందామని చెయ్యి నుదుటికి పోనిస్తే, తలకు చుట్టుకున్న తువ్వాల చేతికి తగిలింది.

భాయ్ అరుస్తూ ఎర్ర బటన్ మీద పడ్డాడు. ఆ కాస్త సేపట్లోనే పట్టా కదిలి, ఒక డబ్బా మా ఆయన చొక్కా చేతి అంచు పట్టుకొని చేతిని పైకి లాగింది. కచ్చా కుట్టు కాబట్టి భుజం దగ్గర ఊడింది. గుడ్డ డబ్బాతో పోయింది. మనిషి వెనక్కి వడ్ల మీద పడ్డాడు.

"నీ కుట్టు ఊడింది గాబట్టి బతికిన," అని నవ్వాడు. "పక్కా కుట్టు కుట్టి ఉంటే నా చెయ్యి గూడ పైకి పోతుండె."

నాకు నవ్వు రాలేదు. ఎవరి మీద కోపపడాలో తెలియని కోపం వచ్చింది. నేను నా పని సరిగ్గా చేసి ఉంటే మా ఆయనకు చెయ్యి ఉండేది కాదు. ఒక మనిషి చెయ్యి పోవడమా మిగలడమా అన్నది, నాకు తీరిక దొరికిందా లేదా అన్నదాని మీద ఉండొచ్చా? వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ ఏడ్చాను. ఆయన బయటి నుంచి "చాయ్ పెడుతున్నవా?" అని అడిగాడు. పెట్టక చస్తానా, పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఫిట్టర్ భాయ్ వచ్చాడు. మా ఆయన కంటే చిన్నవాడు, రంజాన్‌కు మా ఇంటికి షీర్ ఖుర్మా పంపే మనిషి. లోపలికి రమ్మన్నా రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. చేతిలో మడత పెట్టిన నీలి చారల గుడ్డ. డబ్బాతో పైకి పోయి జల్లెడలో పడిందట. ఇంటికి తీసుకుపోయి, ఉతికి, ఆరేసి తెచ్చాడు.

"వదినె, తిట్టు. ఎంత తిడుతవో తిట్టు. గప్పుడన్న నాకు మనసున పడుతది."

తిట్టాను. చాయ్ చేతికి ఇచ్చి మరీ తిట్టాను. కళ్లు నెత్తి మీద పెట్టుకొని పని చేస్తున్నావా అన్నాను, తలకు చుట్టుకున్నది కూడా తెలియకపోతే ఆ తల ఎందుకన్నాను. తల వంచుకొని అన్నీ విన్నాడు. నా మాటలు అయిపోయాక మెల్లగా అన్నాడు:

"పొద్దుగాల సేటు మిల్లు షురూ చెయ్యమన్నడు. చేతగాలే వదినె. బటన్ కాడిదాక పోయి తిరిగొచ్చిన. అన్న ఎదురుంగ నిలబడి ఉన్నా గూడ నొక్కలేను."

ఇంకో కప్పు చాయ్ పోశాను.

గాయం మానేదాకా ఎల్లారెడ్డిలో మా తమ్ముడి ఇంటికి పోదామని నేనే బయలుదేరదీశాను. బస్సు ఎక్కేటప్పుడే నా మనసులో ఒకటి ఉంది. మళ్లీ ఆయన్ను ఆ గుంతలో దిగనివ్వకూడదు. అక్కడికి పోయాక తమ్ముడి ముందే అనేశాను.

"ఇగ ఆ మిల్లుకు పోవద్దు."

"పోకుంటే ఏం జెయ్యాలె?"

"ఏమన్న జెయ్యి. ఏం జెయ్యకున్నా సరే. ఇక్కడ్నే ఉందాం. నేను కుడత, నువ్వు కాజాలు తియ్యి."

ఆయన దానికీ కోపం తెచ్చుకోలేదు. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకొని చూసుకున్నాడు. "నాకు మిల్లు తప్ప ఏమొస్తదే? చప్పుడు వింటే ఏ బేరింగు ఎండిందో చెప్త. గది తప్ప ఇంకేం రాదు," అన్నాడు. అది నిజమేనని నాకూ తెలుసు. కానీ మనసు మాత్రం ఒప్పుకోలేదు.

మా తమ్ముడు దుబాయ్‌లో ఒక పెద్ద కంపెనీలో పని చేస్తాడు. అప్పుడు సెలవు మీద వచ్చి ఉన్నాడు. అంతా విన్నాక తన సంగతి చెప్పాడు.

"బావా, గక్కడ మిషన్ల చెయ్యి పెట్టాలంటె ముందుగాల మెయిన్ బంద్ చేసి మన తాళం మనం ఏసుకోవాలె. ఎవని తాళం వానికే. తాళానికి వాని ఫోటో గూడ ఉంటది. తాళంచెవి వాని జేబులనే. మేనేజర్ వచ్చి మొత్తుకున్నా ఇంకొకడు తియ్యడు."

"మాది గూడ గంతే గద," అన్నాడు మా ఆయన. "తాళం బదులు తువ్వాల."

"గంతే బావా. పద్ధతి మంచిదే. గని మీ సేటు దసరా నాడు ఏం జేసిండంటె, అన్ని తాళాల మీద ఒక్కటే ఫోటో అతికిచ్చిండు."

అప్పుడు దొరికింది నా కోపానికి చోటు. భాయ్ మీద కాదు, సేటు మీద కాదు, ఆ ఒకే తాను మీద. గుడ్డ సంగతి అయితే నాకు తెలుసు. ఒకే రంగు జాకెట్లు ఒక పెళ్లింటివి ఇరవై వచ్చినా, ఎవరిది ఎవరికి ఇవ్వాలో తప్పిపోకుండా లోపల తలా ఒక రంగు దారం వేసి పెట్టుకునేదాన్ని నేను.

కామారెడ్డి తిరిగి వచ్చిన రోజే ఆయన్ను వెంటబెట్టుకొని మిల్లుకు పోయాను. నా నోటి గురించి సేటు విని ఉన్నాడు. కుర్చీ వేయించాడు.

"తప్పయింది చెల్లె. మంచికని ఇస్తె గిట్లయింది. ఏం జెయ్యాల్నో చెప్పు. అందరికి తలో రంగుది కొనిస్త."

"వచ్చే దసరాకు మళ్ల ఒక్క తాను తెస్తరు. వద్దు. గివే నాకియ్యిండ్రి, నేను చూసుకుంట. ఇంకొకటి. గుంత కాడ గూడ ఒక ఎర్ర బటన్ పెట్టియ్యిండ్రి. లోపటున్నోనికి ఆపుకునే తొవ్వ ఉండాలె గద."

సేటు మా ఆయన వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఈ మాట నువ్వెందుకు అడగలేదు అన్నట్టు చూశాడు. మా ఆయన పైకప్పు వైపు చూశాడు. ఏం చెప్తాడు, పోనీతియ్ అనుకున్నాడు మరి. ఆ వారంలోనే గుంత దగ్గర బటన్ వచ్చింది, పట్టాకు ముందు ఇనప జాలీ కూడా వచ్చింది.

ఆదివారం అందరూ తువ్వాలలు పట్టుకొని మా ఇంటికి వచ్చారు. నేను జాకెట్ ముక్కల మూట విప్పి నడుమ పోశాను. ఎవరికి నచ్చిన ముక్క వాళ్లు ఏరుకుంటే తువ్వాలకు రెండు వైపులా, అరచేయంత, దూరం నుంచి కనపడేలా కుడతానన్నాను. మీసాలు తెల్లబడిన బీహారు హమాలీ ఒకాయన పెళ్లికూతురి జాకెట్‌లో మిగిలిన జరీ ముక్క తీసుకున్నాడు. మిగతావాళ్లు ఆయన్ను "దుల్హన్, దుల్హన్" అని పిలిచి ఏడిపించారు. ఆయన దాన్ని గడ్డానికి ఆనించుకొని చూపించి ఇంకా నవ్వించాడు. చిలకపచ్చ కోసం ఇద్దరు కొట్లాడుకున్నారు.

"ఇద్దరికి ఒక్క రంగు ఇయ్య," అన్నాను. "ఇదంత ఎందుకయిందో అప్పుడే మర్చిపోయిన్రా?"

ఒకడు చిలకపచ్చ వదిలి వంకాయ రంగు తీసుకున్నాడు.

ఆఖరున మా ఆయన తువ్వాల. ఆయన్ను ఏరుకోమనలేదు. భాయ్ ఉతికి తెచ్చిన నీలి చారల గుడ్డ పెట్టెలోంచి తీసి, దానిలోంచి ముక్కలు కత్తిరించాను.

"అదెందుకే? చూసినప్పుడల్ల గుబులైతది," అన్నాడు.

"గుబులు గావాల్ననే కుడుతున్న."

ఈసారి పక్కా కుట్టు వేశాను. నాలుగు వైపులా, రెండు వరసలు.

ఇంత చేసినా నా భయం పోలేదు. మిల్లు ఆగిందంటే నా కాళ్లు మిషను మీద ఆగిపోయేవి. సూది గుడ్డలోనే నిలబడేది. లోపల ఎవరు దిగారో, ఎంతసేపో అని గ్లాసుల వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఆగినంతసేపూ ఒక ఎత్తు, మళ్లీ మొదలయ్యే క్షణం ఒక ఎత్తు. గ్లాసులు గల్లుమనగానే నా ఒళ్లు జల్లుమనేది. ఆ రోజు కూడా మొదలైనప్పుడే కదా ముప్పు వచ్చింది. జాకెట్లు ఇవ్వడం ఆలస్యమై మాటలు పడ్డాను. నాకే మాటలు అనే రోజులు వచ్చాయి చూడు అనుకున్నాను.

ఎండలు ముదిరి యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో ఒక మధ్యాహ్నం. మా ఆయన అన్నానికి ఇంటికి వచ్చాడు. పప్పు, మామిడికాయ తొక్కు వేసి ఎదురుగా కూర్చున్నాను. కొంతసేపటికి ఏదో వెలితిగా అనిపించింది. గ్లాసులు చప్పుడు చేయడం లేదు. ఆయన వచ్చినప్పటి నుంచీ చేయడం లేదు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, కరెంటు పోలేదు.

"మిల్లెందుకు బంద్ ఉంది?"

"ఎలివేటర్ల గడ్డి వడితె తీసొచ్చిన. షురూ చేసుకుంటరు తియ్," అని ఇంకో ముద్ద కలిపాడు.

అప్పుడే వాకిట్లో బండి ఆగింది. ఫిట్టర్ భాయ్ లోపలికి తొంగి చూసి నవ్వాడు.

"అన్నా, తిన్నంక జర రా. నీ తువ్వాల స్టార్టర్ మీదనే ఉన్నది."

మా ఆయన ఎడమ చేత్తో భుజం తడుముకున్నాడు. భుజం మీద ఏమీ లేదు. "మర్చిపోయిన. తీసేసి షురూ చేసుకోకపోయిన్రా?"

"ఎవలు తీస్తరు?"

నాకు ఎప్పటిలాగే నోరు ముందు లేచింది. "లారీలు నిలబెట్టి, మిల్లు బంద్ పెట్టి, అందరు ఈయన కోసం చూస్తున్నరా? ఈయన గేటు దాటి వచ్చుడు ఎవలు చూడలేదా?"

"అందరం చూసినం వదినె. నాకు చెప్పే వచ్చిండు." భాయ్ ఈసారి గడప దాటి లోపలికి వచ్చి కూర్చున్నాడు. "సేటు గూడ చూసిండు. లారీలోళ్లు హారన్లు కొడుతుంటె కోపానికొచ్చి స్టార్టర్ దాక వోయిండు. తువ్వాల మీద చెయ్యేసిండు గూడ. ఆ నీలి గుడ్డ కనవడ్డది. చెయ్యి ఎనుకకు గుంజుకుండు. 'ఎవనిదో వాన్నే తోలుకరాపో' అని నన్ను తోలిండు."

నా చేతిలో పప్పు గరిటె ఉంది. దాన్ని గిన్నెలో పెట్టడం కూడా మరిచిపోయి ఏడ్చాను. ఆయన లోపల లేడని అందరికీ తెలుసు. తెలిసీ ముట్టలేదు. మనిషి ఎదురుగా కూర్చొని అన్నం తింటుంటే ఏడుపేమిటని ఎవరైనా అంటారు. గుంతలో దిగిన రోజు కూడా ఇట్లాగే ముట్టకుండా ఉంటారని నాకు నమ్మకం అప్పుడే కుదిరింది.

"ఏడుస్తవేందే? పోనీతియ్," అని మా ఆయన సగం అన్నం మీద నుంచి లేవబోయాడు.

"కూసో," అన్నాను. "తిని పో. మిల్లు ఆగుతది."

భాయ్‌కి కూడా కంచం పెట్టాను. ఇద్దరూ తొందర లేకుండా తిన్నారు, మజ్జిగ కూడా అడిగి పోయించుకున్నారు. తర్వాత బండి మీద పోయారు. నేను మిషను ముందు కూర్చొని, సగంలో ఆపిన జాకెట్ చెయ్యి కుట్టడం మొదలుపెట్టాను. కాసేపటికి అలమారలో గ్లాసులు గల్లుమన్నాయి. నా కాళ్లు ఆగలేదు.